కాన్సర్ట్ సైజు

జూలై 4

నాన్నా,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి రావడానికి కారణం ఒక్కటే. వచ్చే నెల ఆరో తేదీన మా బడి కమిటీవాళ్లు నా పాటల గంటలో వచ్చి కూర్చుంటారు. ఆ గంట బాగుంటే నా ఉద్యోగం ఖాయం. బాగాలేకపోతే ఒక స్పీకరు పెట్టె కొని, పాటలు అందులోంచే వినిపిస్తారట. పెట్టె మీట నొక్కడానికి నేను అక్కర్లేదు. ఆలోపు నాకు మంచి ఉకులేలే, అదే, ఆ నాలుగు తీగల బుల్లి గిటారు, కావాలి. దాన్ని చూసి కొనిపెట్టగలిగింది నువ్వే.

ఫోన్‌లో చెబుదామంటే నీకు వినపడదు. అమ్మకి చెబితే "సరే సరే, తిన్నావా?" దగ్గరే ఆగిపోతుంది, నీదాకా చేరదు. అందుకే ఎప్పటిలాగే మందుల మామయ్య చేత చదివించుకో. మామయ్యా, మీకు మళ్లీ శ్రమ ఇస్తున్నాను. మందుల షాపులో కూర్చుని డాక్టర్ల చేతిరాత చదివేవారికి నా రాత ఒక లెక్కా అని ధైర్యం.

నాన్నా, చేదు మాట ముందే చెప్పేస్తాను. నా ట్రైనింగ్ పూర్తయిన రోజు నువ్వు కొనిచ్చిన పసుపు ఉకులేలే పిల్లల ముందు ఇక పనికిరాదు. నేర్చుకున్నదంతా దాని మీదే. ఇప్పటికీ నా మంచం తల దగ్గరే ఉంటుంది. కానీ పొద్దున శ్రుతి చేస్తే మూడో పాటకల్లా జారిపోతోంది. తీగలు బిగించే మరలు ప్లాస్టిక్‌వి, తిప్పిన చోట నిలవవు. తీగలు పాతబడ్డాయేమోనని కొత్తవి వేసి చూశాను. కొన్నాళ్లు ఆశ పెట్టింది, అంతే. మెడ మీద మెట్లే ఉండాల్సిన చోట లేవు. మొన్న ముందు వరసలో కూర్చునే పాప "టీచర్, మీ గిటారుకి జలుబు చేసింది" అంది. తరగతి తరగతంతా ముక్కులు ఎగబీలుస్తూ పాట అందుకుంది. నాకూ నవ్వొచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ పెద్ద టీచరు మాత్రం నవ్వలేదు.

నీ మోటార్ల పనిలోని మాట చెప్పాలంటే, మోటారుకి కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి రాకపోతే తిరగనూ తిరగదు, ఊరుకోనూ ఊరుకోదు, గుర్రుమంటూ ఉంటుంది చూడు. నా పాటల గంట అలా ఉంది.

ఇక్కడ దొరికేవన్నీ బొమ్మలే. ఫోటో చూసి తెప్పించుకుందామంటే, తోటి టీచరు అలాగే తెప్పించుకుంటే మెడ వంగినది వచ్చింది. నీ వర్క్‌షాపు వీధి మలుపులో పాత వాయిద్యాల దుకాణం ఉంది కదా, పోయిన సెలవుల్లో అద్దంలోంచి చూశాను, వరసగా వేలాడుతున్నాయి. నేనే వద్దామంటే ఉద్యోగం ఖాయమయ్యేదాకా సెలవు ఇవ్వరు.

ఏం చూడాలో చెబుతాను. కాన్సర్ట్ సైజుదే కావాలి. నా దగ్గరున్నది అన్నిటికన్నా చిన్న సైజు, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. పైచెక్క ఒంటిపలకదని దుకాణాయన గొప్పలు చెబితే పడిపోకు. మన డబ్బుకి వచ్చే చవక ఒంటిపలక కన్నా, శ్రద్ధగా చేసిన పొరల చెక్కే మేలు, తొందరగా పగలదు. మరలు లోహపువి ఉండాలి. తీగలు మెడకి మరీ ఎత్తున ఉండకూడదు. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి చూడడం మాత్రం మర్చిపోవద్దు. ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే స్వరమే అక్కడా, పైస్థాయిలో రావాలి. పువ్వులూ పూసలూ మెరుపులూ మనకొద్దు. నీకు వినపడదు కాబట్టి మామయ్యని తోడు తీసుకెళ్లు. నేను దాచిన డబ్బు ఆయన ఖాతాలో వేశాను. అందులోనే రావాలి. నీ జేబులోకి చెయ్యి పోనివ్వకు.

నేను నేర్పుతున్న అక్షరాలు ఎంతవరకు వచ్చాయి? గుణింతాలు అయ్యాక ఒత్తుల దగ్గర పారిపోయావు. నేను మర్చిపోలేదు.

నీ కూతురు


జూలై 9

బుజ్జమ్మా,

నీ ఉత్తరం అందింది. మందులాయన చదివాడు. చదివాడంటే అరిచాడు. నా చెవికి ఆనేలా అరిస్తే ఇంకేముంది, మాత్రల కోసం వచ్చినవాళ్లు కూడా బల్ల మీద కూర్చుని మొత్తం విని మరీ వెళ్లారు. నేను ఇల్లు చేరకముందే సంగతి మీ అమ్మకి చేరిపోయింది.

నువ్వు కచేరీలు చెయ్యబోతున్నావట.

నీ రాతలోనే ఉంది కదమ్మా! కాన్సర్టుకి సరిపడేదే కావాలని రాశావు. "కాన్సర్టంటే ఏందయ్యా?" అని అడిగితే మందులాయన "కచేరీ" అన్నాడు. మీ అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. "మన వంశంలో బడి గడప తొక్కిన మొదటి పిల్ల. దానికి టీచరు కుర్చీ దొరికిందని నేను పొంగిపోతుంటే, ఆ కుర్చీని తన్నేసి స్టేజీలెక్కుతుందా!" అని ఒకటే ఇది. నేను సర్ది చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు. నువ్వు ఎక్కుతానంటే నేను అడ్డం రానులే. కాకపోతే ముందు ఉద్యోగం ఖాయం చేసుకుని ఎక్కు తల్లీ. ఒక కాలు నేల మీద ఆనాకే కదా రెండోది లేపాలి.

ఆ పసుపుది పనికిరాదన్నావు. నాకేం బాధ లేదు. ఆ రోజు ఆ కొట్టువాడు ఉన్నవాటిలో అదే మంచిదన్నాడు, నేను నమ్మాను. మరి తీగల్లోనే తేడా ఉంటే ముందే చెప్పొద్దూ? తీగకి నా దగ్గర కరువా? రాగి తీగ చుట్టలు చుట్టలుగా పడుంది. ఎంత లావుది, ఏ గేజు కావాలో రాయి. ఆ పసుపుదానికి నేనే బిగించి పంపిస్తా, నీ మనవలు వాయించుకుంటారు.

దుకాణానికి కూడా వెళ్లొచ్చాను. నువ్వు పన్నెండో మెట్టు దగ్గర నొక్కమన్నావు. ఆ దుకాణానికి ఉన్నవే నాలుగు మెట్లు. వాటి దగ్గర బెల్లు కూడా లేదు. ఏం నొక్కాలో తెలీక కాసేపు నిలబడి తిరిగొచ్చాను.

అక్షరాలు క్షేమం. ఎక్కడివక్కడే ఉన్నాయి. నేనే వాటి దగ్గరికి పోవట్లేదు.

మీ నాన్న

(ఇది మందుల మామయ్యని. కాన్సర్ట్ అంటే కచేరీ కాకపోతే మరేమిటో నువ్వే చెప్పమ్మా, నేను తప్పు చదవలేదు. ఇంకొకటి. నాకేం బాధ లేదని రాయించాడు చూడు, ఆ మాట రాయించే ముందు గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.)


జూలై 13

నాన్నా, అమ్మా, మామయ్యా, బల్ల మీద కూర్చుని వింటున్న పెద్దలందరూ,

నేను కచేరీలు చెయ్యడం లేదు. స్టేజీ ఎక్కడం లేదు. కాన్సర్ట్ అనేది ఒక సైజు పేరు మాత్రమే. చెప్పుల దుకాణంలో ఎనిమిదో నంబరు అడిగితే ఎనిమిది కాళ్లున్నాయని కాదు కదా! అమ్మా, ఇక గోడ దగ్గర నుంచి లే. ఆ కుర్చీ నిలబెట్టుకోవడానికే నా ఈ తాపత్రయమంతా.

మెట్ల విషయం నేను సరిగా రాయలేదు. వాయిద్యం మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కమ్మీలుంటాయి, వాటిని మెట్లంటారు. తల వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే పన్నెండోది. చాలావాటికి అక్కడ చుక్క కూడా ఉంటుంది.

రాగి తీగ వద్దు. పసుపుదానికీ వద్దు, కొత్తదానికీ వద్దు. ఇది నైలాన్ తీగల కోసం చేసిన వస్తువు. లోహపు తీగ బిగిస్తే ఆ లాగుడికి, తీగల్ని పట్టి ఉంచే కొయ్యముక్క పైచెక్కతో సహా లేచొస్తుంది. నీ చేతి పని మీద నమ్మకం లేక కాదు. నీ చెయ్యి బిగిస్తే ఎంత గట్టిగా బిగుస్తుందో తెలిసే చెబుతున్నాను.

నువ్వు తక్కువరకం కొనిచ్చావని నేను అనలేదు నాన్నా. దాని మీద రోజూ వాయించబట్టే, దానిలో తేడా వినగలిగే చెవి నాకు వచ్చింది. అది నాకు చేయాల్సిన పని చేసేసింది. కానీ పిల్లలకి సరైన స్వరం వినిపించాలి. ఇప్పుడు తప్పు విని పాడితే వాళ్ల గొంతుల్లో అదే కూర్చుంటుంది. ఈ విషయంలో నేను మెత్తబడను, నీ మనసు నొచ్చుకున్నా సరే.

ఈ ఉత్తరంతో చిన్న క్లిప్పు పంపుతున్నాను. శ్రుతి చూసేది. ఆరేసిన బట్టలకి పెట్టినట్టు వాయిద్యం తలకి పెట్టు. తీగ మీటితే చిన్న తెర మీద ముల్లు కదులుతుంది. సరిగా ఉంటే ఆకుపచ్చ, తేడా ఉంటే ఎరుపు. ముందు ఏమీ నొక్కకుండా మీటుతూ, ఆకుపచ్చ వచ్చేదాకా మర తిప్పు. తర్వాత పన్నెండో మెట్టు పక్కనే తల వైపు వేలు పెట్టి, మెత్తగా నొక్కి మీటు. అప్పుడూ ఆకుపచ్చే రావాలి. నాలుగు తీగలూ అలాగే చూడు. మీటరు చూడడం నీకు కొత్తా?

ఇంకో సంగతి తెలిస్తే నీకు సరదాగా ఉంటుంది. ఆ క్లిప్పు గాలిలో శబ్దాన్ని వినదు, చెక్క అదురుని పట్టుకుంటుంది. నువ్వు స్క్రూడ్రైవరు మొన మోటారు మీద పెట్టి, పిడి దవడకి ఆనించి, బేరింగు అరిగిందో లేదో చెప్పేస్తావు చూడు, ఇదీ సరిగ్గా అంతే. కాబట్టి ఈ పనికి నీకు చెవి అక్కర్లేదు.

నిన్న పెద్ద టీచరు స్పీకరు పెట్టెల బొమ్మలున్న కాగితం చూపించి, "ఏది బాగుంటుందంటావ్?" అని నన్నే అడిగింది. "ఆరో తేదీ తర్వాత చూద్దామండీ, అప్పుడు అవసరం ఉంటే" అన్నాను. నా గొంతు అంత గట్టిగా పలకడం నేనే ఎప్పుడూ వినలేదు. ఆవిడ కాగితం మడత పెట్టింది. పారెయ్యలేదు, మడతే పెట్టింది.

మామయ్యా, ఈసారి లోపలి గదిలో చదవండి.

మీ అమ్మాయి


జూలై 20

బుజ్జమ్మా,

లోపలి గదిలోనే చదివాడు. మందుల పెట్టెలు తప్ప ఎవరూ వినలేదు. కచేరీ లేదని తెలిసి మీ అమ్మ కుదుటపడింది. ఇప్పుడు "అయితే మాత్రం, పాడితే తప్పేంటి, దాని గొంతు బాగుంటుంది" అని మొదలుపెట్టింది. ఆమెతో ఎవరు వేగుతారు.

క్లిప్పు భలే వస్తువు. దుకాణంలో నీ సైజువి రెండున్నాయి. ఒకటి నల్లది. అద్దంలా మన మొహం మనకి కనపడుతుంది. మధ్యలో చిల్లు చుట్టూ ముత్యపు చిప్పతో పువ్వులు. రెండోది గోధుమ రంగుది. బడి బల్ల చెక్కలా ఉంది, చూడ్డానికి ఏమీ లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నల్లది, ఏమీ నొక్కకపోతే నాలుగూ ఆకుపచ్చ. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే మూడు ఎరుపు. గోధుమ రంగుది అటూ ఇటూ అన్నీ ఆకుపచ్చే. మరలు రెండింటివీ లోహమే.

అయినా నల్లదే తీసుకుందామని నా ఉద్దేశం. ఎరుపంటే మరీ ఎరుపేం కాదు, ముల్లు వెంట్రుకవాసి జరిగింది. కమిటీ అంటే పెద్దవాళ్లు, ముందు కళ్లతో చూస్తారు, ఆ తర్వాతే వినడం. నా కూతురు వాళ్ల ముందు దర్జాగా కూర్చోవాలి. ధర నీ డబ్బు దాటుతుంది, దాటితే దాటనీ, వర్క్‌షాపులో ఒక పాత మోటారు ఊరికే పడుంది, ఇచ్చేస్తాను. నువ్వు కాదనకు.

గోధుమ రంగుదాని మాట మర్చిపో. దానికి లోపం ఉంది. ఏం లోపమని అడక్కు, ఉంది అంతే.

మీ నాన్న

(మీ నాన్న మంచినీళ్లకని బయటికెళ్లాడు, ఈలోగా గబగబా రాస్తున్నాను. దానికి ఏ లోపమూ లేదు తల్లీ. నువ్వు స్క్రూడ్రైవరు మాట రాశావు చూడు, అక్కడ వచ్చింది తంటా. క్లిప్పు చూడ్డం అయ్యాక ఈయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మొన ఆ గోధుమ రంగుదాని పొట్ట మీద పెట్టి, పిడి దవడకి ఆనించి, నన్ను మీటమన్నాడు. మీటాను. కళ్లు మూసుకున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. మీటాను. "ఇంకోసారి." దుకాణాయన "ఏందండీ ఇది?" అంటూనే ఉన్నాడు, ఈయనకి వినపడితేగా! అలా మీటిస్తూ మీటిస్తూ ఉండగా మొన జారింది. వేలెడు పొడుగు గీత. దుకాణాయన బల్ల దూకినంత పని చేశాడు. "చెడగొట్టినవాళ్లే కొనాలి" అని కేకలు. నేను బతిమాలితే చల్లబడి, గీత పడింది కాబట్టి ధర తగ్గించి ఇస్తానన్నాడు. ఆ ధర నీ డబ్బులో వచ్చేస్తుంది, తీగలకి కూడా మిగులుతుంది. మీ నాన్నే ఒప్పుకోడు. "నేను గీత పెట్టిన సామాను పట్టుకుని నా బిడ్డ పెద్దవాళ్ల ముందు కూర్చోవాలా?" అంటాడు. నల్లదానికి అడ్వాన్సు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నెలాఖరు దాకా రెండూ ఎవరికీ అమ్మనన్నాడు దుకాణాయన.

దారిలో అడిగాను, "ఇంతకీ ఏం వినపడిందయ్యా?" అని. స్క్రూడ్రైవరు మొన చొక్కాకి తుడుచుకుంటూ "బేరింగు బాగుంది" అన్నాడు. వస్తున్నాడు. ఉంటాను.)


జూలై 24

మామయ్యా,

ఈ మొదటి కాగితం మీకు. రెండోది నాన్నది. దాన్ని మీరు చదవొద్దు. ఆయన "చదివిపెట్టు" అని బతిమాలినా, విసుక్కున్నా చదవొద్దు.

గీత పడినదే కొనండి. కొనేముందు గీత మీద గోరు నడిపి చూడండి. రంగు వరకే ఉన్నా, చెక్కని కాస్త గీరినా నష్టం లేదు. పగులు మాత్రం ఉండకూడదు. దాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే తెలుస్తుంది. కొత్త తీగలు కొని పంపండి, కానీ ఇప్పుడు వేయించొద్దు. వేసిన కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి, ఆరో తేదీన నా పని పట్టేస్తాయి. పాత మోటారు అమ్మనివ్వకండి. నల్లదానికి ఇంకోసారి అడ్వాన్సు తీస్తే ఇంకోసారి చెయ్యి పట్టుకోండి.

నల్లది తప్పేది వెంట్రుకవాసే అంటున్నారు నాన్న. పిల్లలు ఆ వెంట్రుకని పట్టుకునే పక్కదారి పడతారు. కమిటీవాళ్లకి పువ్వులు కావాలంటే గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మల్లో ఉన్నాయి, చూసుకుంటారు. గీత గురించి ఎవరైనా అడిగితే, దీన్ని కొనేముందు మా నాన్న పరీక్ష చేశారని చెబుతాను.

ఇంకొక మాట మామయ్యా. ఈ పనికి నీకు చెవి అక్కర్లేదు అని నాన్నకి రాశాను. సాయం చేస్తున్నాననుకునే రాశాను. ఆయనకి కూడా వినాలని ఉంటుందని, నేను అంత చదువు చదివీ నాకు తట్టలేదు. మీరు "ఇంకోసారి, ఇంకోసారి" అన్నాడని రాసిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే ఉంది.

ఉకులేలే పార్సిల్‌లో పంపొద్దు. నాన్నే ఒళ్లో పెట్టుకుని బస్సులో తేవాలి. ఒకటో తేదీకి ఇక్కడ ఉంటే నాకు చెయ్యి అలవాటు చేసుకోవడానికి సమయం ఉంటుంది. ఆరో తేదీ అయ్యేదాకా నా గదిలోనే ఉంటారు. తరగతిలోకి రావడానికి పెద్ద టీచరుని అడిగాను. "వినపడనాయన పాటల గంటలో ఏం చేస్తారమ్మా?" అంది. "పిల్లలు వచ్చేముందు ఆయనకి ఒక పాట వినిపించాలండీ, అది అయ్యాకే మొదలుపెడతాను" అన్నాను. ఈసారి ఆవిడ నవ్వింది.

బయల్దేరే ముందు జేబులు మాత్రం మీరే తడిమి చూడండి. స్క్రూడ్రైవరు ఉంటే తీసి మీ దగ్గర పెట్టుకోండి.

మీ మేనకోడలి లాంటిది

(రెండో కాగితం. పెద్ద అక్షరాలతో. ఒత్తు ఒకటీ లేదు. గుణింతాలు వస్తే చాలు.)

గీత పడినదే కావాలి.
అదే కొను.
అది తీసుకుని నీవే రావాలి.
నేను మీటుతాను. నీవు దవడ ఆనించు.
చెవితో కాదు, దవడతో విను.
30 లోగా నీ చేతితో జవాబు రాయి.
"సరే" చాలు.